ఎండాకాలం అంబలి: ఎంత పిండి, ఎన్ని గంటలు, ఏ నీళ్లు?

చెలక_మడి
అందరికి నమస్తే. ఏప్రిల్ పడ్డదంటె నల్గొండ జిల్ల దేవరకొండ దిక్కు ఉపాధి పనికి, బత్తాయి తోటలల్ల కూలికి పోయేటోళ్లు పొద్దుగాల ఏం తాగి పోవాలె, ఎంబడి ఏం పట్టుకపోవాలె? తైద (రాగుల) అంబలి తాగుండ్రి అని అందరంటరు గని లెక్క ఎవ్వరు చెప్పరు. నలుగురికి ఎంత పిండి పట్టాలె? రాత్రి నానబెడితె పగటికి నోట్ల పెట్టరానంత పుల్లగయితున్నది, ఎందుకు? ఇంట్ల షుగరున్నోళ్లు ఉంటరు, బీపీ గోళీలు ఏసుకునేటోళ్లు ఉంటరు, వాళ్లకు అదే పొయ్యొచ్చునా? ఆఖరుది, బోరు నీళ్లతోని కాచొచ్చునా? తెలిసినోళ్లు జర వివరంగ చెప్పుండ్రి.

తైదంబలి
నలుగురికి లెక్క చెప్త, రాసుకో తమ్మి. తైద పిండి 200 గ్రాములు. రాత్రి తొమ్మిది, పది మధ్యల అర లీటరు నీళ్లల్ల ఉండల్లేకుండ కలిపి, మట్టి గురిగిల గాని స్టీలు గిన్నెల గాని పోసి, బట్ట కట్టి పెట్టు. మూత గట్టిగ పెట్టొద్దు, పొంగితె మూత లేసి పడ్తది. పొద్దుగాల ఐదింటికి అడుగు మందమున్న గిన్నెల లీటరున్నర నీళ్లు మసలనియ్యి. మసిలే నీళ్లల్ల ఈ పులిసిన పిండి సన్నగ పోసుకుంట ఇంకో చేత్తోని కలుపుతనే ఉండాలె. మంట తగ్గించి 12 నుంచి 15 నిమిషాలు. పచ్చి వాసన పోయి, మీద మెరుపొచ్చి, గంటె ఎత్తితె ధార లెక్క జారాలె. దించి చల్లార్చు. వేలు పెడితె కాలనంత చల్లారినంకనే ముప్పావు లీటరు సల్ల (మజ్జిగ) పోసి కలుపు. వేడి మీద పోస్తె సల్ల ఇరిగి తునకలు తునకలు అయితది, అప్పుడు ఎంత గిలక్కొట్టినా కలువది. ఉల్లిగడ్డ, కొత్తిమీర, జీలకర్ర నీ ఇష్టం. మొత్తం రెండున్నర లీటర్ల పైన అయితది.

పుల్లగయ్యే సంగతి. నానబెట్టుడు ఎనిమిది గంటలు దాటొద్దు, ఎండాకాలంల ఏడు చాలు. చలికాలంల అదే పిండికి 12, 14 గంటలు పడ్తది. చానమంది సాయంత్రం ఆరింటికే కలిపి పెడ్తరు, పొద్దటికి పదకొండు గంటలు అయితది, గందుకే నోరు కొట్టుకపోతది. ఇంకోటి, నిన్నటి పులుపు నీళ్లు తోడు లెక్క రోజూ పోసుకుంట పోతె వారం నాటికి తోడే ఘాటెక్కుతది. నాలుగైదు రోజులకోసారి తోడు బంద్ చేసి మళ్ల ఉత్త పిండితోని మొదలు పెట్టాలె.

చెలక_మడి
అక్కా, పొద్దుగాల మంచిగనే ఉంటది, పగటి పన్నెండుకు పుల్లగయితది. అది గుడ నానబెట్టుడు వల్లనేనా?

తైదంబలి
కాదు, అది సల్ల వల్ల. కాచినంక పిండిల ఉన్న పులిపించే పురుగు (బ్యాక్టీరియా) చచ్చిపోతది, నువ్వు పోసిన సల్లల ఉన్నది మళ్ల పనిచేస్తది. 42 డిగ్రీల ఎండల నాలుగు గంటలల్ల పులుపు దిగుతది. గందుకు సల్ల కలపకుండ అంబలి ఒక డబ్బల, సల్ల ఇంకో సీసల పట్టుకపోవాలె. చెట్టు కింద కూసున్నప్పుడు ఎంత తాగుతరో అంతనే కలుపుకోవాలె. సల్ల గుడ ముందురోజు తోడేసింది కాదు, ఆ పొద్దుగాల చిలికింది కావాలె.

పల్లె_దవాఖాన
పులుపు వేరు, చెడిపోవడం వేరు. కలగాపులగం చేయొద్దు. పులుపు శుభ్రంగా, పెరుగు వాసనలా ఉంటే తాగొచ్చు. మీద గులాబీ, నలుపు, పచ్చ రంగు మచ్చలు కనిపిస్తే, గరిటెతో ఎత్తితే బంకలా తీగ సాగితే, మురుగు వాసన వస్తే మొత్తం పారబోయాలి. మచ్చ ఉన్న చోట తీసేసి మిగతాది తాగడం తప్పు. బూజు వేర్లు కంటికి కనిపించకుండా లోపలికి దిగుతాయి. మళ్లీ మరిగిస్తే సరిపోతుందనుకోవడమూ తప్పే, కొన్ని విషాలు మరిగించినా పోవు.

సద్దన్నానికి ఈ మాట ఇంకా ఎక్కువ వర్తిస్తుంది. అన్నంలో బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా ఉంటుంది. దాని గింజలు ఉడికినా చావవు. వండిన అన్నం గిన్నెలో పొడిగా ఐదారు గంటలు వేడి గదిలో ఉంటే అవి మొలకెత్తి విషం వదులుతాయి. తిన్న ఒకటి నుంచి ఆరు గంటల్లో వాంతులు మొదలవుతాయి. కాబట్టి సద్దన్నం చేయాలంటే రాత్రి అన్నం చల్లారగానే నీళ్లు మెతుకుల మీద రెండు వేళ్ల ఎత్తు ఉండేలా పోసి, రెండు చెంచాల సల్ల కలిపి పెట్టాలి. పులుపు తొందరగా ఎక్కితే ఆ బ్యాక్టీరియా పెరగదు. పొద్దున దాకా పొడిగా వదిలేసి, అప్పుడు నీళ్లు పోసి సద్దన్నం అంటే కుదరదు.

పచ్చజొన్న_పాలమూరు
అందరు తైదల మీదనే పడ్డరు. మహబూబ్‌నగర్, నారాయణపేట దిక్కు జొన్న గట్క, జొన్న అంబలి లేకుంటె ఎండాకాలం నడవదు. జొన్న పిండి తైద పిండంత చిక్కవడది, ఒక వంతు పిండికి ఎనిమిది వంతుల నీళ్లు చాలు. గట్కకైతె జొన్నలు గిర్నిల రవ్వ పట్టించి, రాత్రి నానబెట్టి, పొద్దుగాల 25, 30 నిమిషాలు సన్నమంట మీద ఉడకబెట్టాలె. ఉడుకు చాలకపోతె కడుపుల గట్టిగ కూసుంటది, గ్యాసు పడ్తది. జొన్న పడ్తలేదు అనేటోళ్లల్ల సగం మందికి అసలు సంగతి ఇదే.

పిండి ముచ్చట గుడ చెప్పాలె. ఎండాకాలం జొన్న పిండి పది, పదిహేను రోజులకు మించి పట్టించుకోవద్దు. ఆనక చేదెక్కుతది. సజ్జ పిండి ఇంకా తొందరగ, వారం పది రోజులకే, ఎందుకంటె సజ్జలల్ల నూనె ఎక్కువ. గింజ దాచుకో, పిండి దాచుకోవద్దు.

పోషకాల_పట్టిక
రెండు ధాన్యాలూ మంచివే కానీ పని వేరు. 100 గ్రాముల తైదల్లో కాల్షియం 360 మిల్లీగ్రాములకు పైనే, జొన్నల్లో 30 లోపే. ఎముకల కోసమైతే తైదలు, పొట్ట నిండి పని చేయాలంటే జొన్న రొట్టె. ఒకదాని బదులు ఇంకోటి అనుకోకండి.

అందరూ మరిచిపోయే సంగతి ఇంకోటి ఉంది. పై లెక్క ప్రకారం మనిషికి 50 గ్రాముల పిండి వస్తుంది. అంటే 160 కేలరీలు, మూడున్నర గ్రాముల ప్రొటీన్. సల్లతో కలిపినా 200 కేలరీలు దాటడం కష్టం. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2020 లెక్కల్లో బరువు పని చేసే మగవాళ్లకు రోజుకు 3470, ఆడవాళ్లకు 2720 కేలరీలు కావాలి. అంబలి మంచి పానీయం, భోజనం మాత్రం కాదు. అంబలి తాగి పదకొండు దాకా మట్టి తవ్వితే కళ్లు తిరిగేది ఎండకే కాదు, ఆకలికి కూడా. వెంట రెండు జొన్న రొట్టెలు, పప్పో పుంటికూర (గోంగూర) పప్పో, గుప్పెడు వేయించిన పల్లీలు ఉండాలి. 30 గ్రాముల పల్లీలంటే ఏడు గ్రాముల ప్రొటీన్.

పచ్చజొన్న_పాలమూరు
నువ్వుల పొడి గుడ చెప్పుండ్రి సార్. రొట్టె మీదికి నువ్వుల కారం అంటె పాలమూరోళ్లకు కూర అక్కర్లేదు.

పోషకాల_పట్టిక
తప్పకుండా. నువ్వుల్లో కాల్షియం 100 గ్రాములకు వెయ్యి మిల్లీగ్రాములు దాటుతుంది. రెండు చెంచాల పొడి, అంటే 15 గ్రాములు, ఓ గ్లాసు పాలకు కాస్త తక్కువ. పొట్టు తీయని నువ్వులే వాడండి, కాల్షియం ఎక్కువ భాగం పొట్టులోనే ఉంటుంది. దోరగా వేయించి పొడి చేయాలి. గింజ గింజలాగే మింగితే అరగకుండా బయటికి పోతుంది.

షుగర్_డైరీ
నా ప్రశ్న షుగర్ గురించి. తైదలు షుగర్‌కు మంచివని ప్రతి వాట్సాప్ గ్రూపులో తిరుగుతోంది. మరి అంబలి తాగిన రెండు గంటలకు చూస్తే 220, 240 వచ్చేవాళ్లు ఉన్నారు. ఏది నిజం?

పోషకాల_పట్టిక
రెండూ నిజమే. తైద గింజలో పీచు ఉంది, నిజమే. కానీ దాన్ని మెత్తటి పిండి చేసి, పులియబెట్టి, పలుచగా ఉడికిస్తే నమలాల్సిన పని ఉండదు, పిండిపదార్థం తొందరగా రక్తంలోకి దిగుతుంది. 50 గ్రాముల పిండిలో పిండిపదార్థం 33 గ్రాములు. దాంట్లో బెల్లం వేసి జావ చేస్తే ఇక చెప్పక్కర్లేదు. షుగరున్నవాళ్లు మనిషికి 25 గ్రాముల పిండి, మిగతా అంతా సల్ల, ముందు ఓ రొట్టె, కూర తిని ఆ తర్వాత అంబలి తాగితే పెరుగుదల తగ్గుతుంది. ఖాళీ కడుపున గ్లాసులకు గ్లాసులు తాగడం వద్దు. మొదటి ముద్దకు ముందు ఒకసారి, రెండు గంటలకు ఇంకోసారి గ్లూకోమీటర్‌తో చూస్తే మీ ఒంటికి ఎంత పడుతుందో మీకే తెలుస్తుంది.

పల్లె_దవాఖాన
దీనికి రెండో వైపు కూడా ఉంది. షుగర్ గోళీ వేసుకుని, లేదా ఇన్సులిన్ తీసుకుని, ఒక్క గ్లాసు పలుచటి అంబలితో ఎండలో పనికి పోతే పదింటికి షుగర్ పడిపోతుంది. చెమటలు, వణుకు, తికమక మాటలు వస్తాయి. దాన్ని అందరూ వడదెబ్బ అనుకుంటారు. మెలకువ ఉంటే వెంటనే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించాలి, 15 నిమిషాలు చూసి తగ్గకపోతే మళ్లీ ఇవ్వాలి. షుగరున్న కూలీ జేబులో చక్కెర పొట్లం ఉండాలి.

వడదెబ్బ తగలదని జేబులో ఉల్లిగడ్డ పెట్టుకోవడం కంటే అది వెయ్యి రెట్లు పనికొస్తుంది.

పచ్చజొన్న_పాలమూరు
ఉల్లిగడ్డను అట్ల తీసెయ్యకుండ్రి. పెద్దలు ఊకెనే చెప్తరా?

పల్లె_దవాఖాన
తినడానికి చెప్పారు, అన్నా. అంబలిలో నంజుకుంటే నీళ్లు ఎక్కువ తాగుతారు, ఉప్పు పడుతుంది, మేలే. జేబులో ఉన్న ఉల్లి ఒంటి వేడిని గుంజదు. అది ఉందన్న ధైర్యంతో రెండింటి దాకా ఎండలో ఉండటమే ప్రమాదం.

నకిరేకల్_నిమ్మ
ఉప్పు ఎంత వెయ్యాలో ఇంకా ఎవ్వరు చెప్పలేదు.

పోషకాల_పట్టిక
రెండున్నర లీటర్ల అంబలికి చెంచా ఒకటి, గీటు గీసినట్టు సమంగా. ఐదారు గ్రాములు వస్తుంది, లీటరుకు రెండు గ్రాముల చిల్లర. ఓఆర్ఎస్‌లో (విరేచనాలప్పుడు నీళ్లలో కలిపి తాగే పొట్లం) ఉప్పు లీటరుకు 2.6 గ్రాములు, కాబట్టి దగ్గరదగ్గరగా సరిపోయింది. చెమట బాగా పట్టే పని అయితే ఇది చాలు. ఇంట్లో నీడలో కూర్చున్నవాళ్లకు ఇంత ఉప్పు అక్కర్లేదు. వాళ్ల కోసం ఉప్పు వేయక ముందే తీసి పక్కన పెట్టండి. రోజు మొత్తానికి ఐదు గ్రాముల లోపు అని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే లెక్కలో మామిడికాయ తొక్కు, పచ్చిపులుసు, అప్పడం కూడా కలిసే ఉంటాయి.

సైంధవ లవణం వేస్తే బీపీకి పర్వాలేదని ఎవరో తప్పక అడుగుతారు, ముందే చెప్పేస్తున్నా. అదీ సోడియం క్లోరైడే. పైగా అందులో అయోడిన్ ఉండదు.

పల్లె_దవాఖాన
బీపీకి నీళ్ల గోళీ, అంటే మూత్రం ఎక్కువ వచ్చే గోళీ వేసుకునేవాళ్లు ఎండాకాలం మొదట్లోనే డాక్టరుకు చూపించుకోవాలి. ఆ గోళీ, చెమట రెండూ కలిసి ఉప్పు, నీళ్లు లాగేస్తాయి. లేచి నిలబడగానే కళ్లు చీకట్లు కమ్మితే అదే సంకేతం. సొంతంగా గోళీ ఆపొద్దు, డోసు మార్చమని అడగాలి. కిడ్నీ జబ్బున్నవాళ్లు కొబ్బరి నీళ్లు, బత్తాయి రసం, చింతపండు ఎక్కువ తీసుకోవద్దు, వాటిలో పొటాషియం ఎక్కువ.

షుగర్_డైరీ
ఓఆర్ఎస్ మాట వచ్చింది కాబట్టి అడుగుతున్నా. దుకాణంలో పెట్టెల్లో అమ్మే పండ్ల రుచి డ్రింకులు ఓఆర్ఎస్ బదులు తాగొచ్చా?

పల్లె_దవాఖాన
వద్దు. వాటిలో చక్కెర చాలా ఎక్కువ, ఉప్పు తక్కువ. విరేచనాలప్పుడు తాగితే పేగులోకి నీళ్లు లాగి ఇంకా పెంచుతాయి. 2025 అక్టోబర్‌లో ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ) ఇలాంటి డ్రింకుల మీద ఓఆర్ఎస్ అనే మాటే వాడొద్దని ఆదేశించింది. అసలు ఓఆర్ఎస్ పొట్లం మొత్తం 20.5 గ్రాములు, లీటరు నీళ్లకు. 200 మిల్లీలీటర్లకు సరిపోయే చిన్న పొట్లాలు కూడా ఉంటాయి, మీద చదవాలి. లీటరు పొట్లాన్ని గ్లాసులో కలిపితే ఉప్పు ఐదింతలు అవుతుంది, పసిపిల్లలకు ప్రాణాపాయం. పొట్లం సగం చింపి సగం దాచుకోవద్దు, లోపలి పొడులు సమంగా కలిసి ఉండవు. కలిపింది 24 గంటల్లో అయిపోవాలి.

ఇంట్లో చేయాలంటే లీటరు నీళ్లకు గీటు గీసిన ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు. చెంచా అంటే ఐదు మిల్లీలీటర్లది. గుప్పెడు చక్కెర, చిటికెడు ఉప్పు లెక్క వద్దు, చేతులు అందరివీ ఒకటి కావు.

మునుగోడు_బోరు
మొదటి పోస్టులో చివరి ప్రశ్న, బోరు నీళ్లతో కాచొచ్చా అన్నది, ఇంతవరకు ఎవరూ ముట్టుకోలేదు. నల్గొండలో అన్నిటికంటే ముందు అడగాల్సింది అదే. మర్రిగూడ, మునుగోడు, చండూరు, నాంపల్లి మండలాల్లో, ఇప్పుడు యాదాద్రి భువనగిరి జిల్లాలో ఉన్న నారాయణపూర్ మండలంలో రాతి నేల. గ్రానైట్‌లోని ఫ్లోరైడ్ భూగర్భ జలంలోకి కరుగుతుంది, అది ఒంట్లో ఎక్కువైతే పళ్లకు మచ్చలు పడతాయి, ఎముకలు వంగుతాయి. బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) ప్రమాణం లీటరుకు ఒక మిల్లీగ్రాము, వేరే దారి లేకపోతే 1.5 వరకు. బోరు నీళ్లలో దానికి రెండు మూడు రెట్లు ఉన్న చోట్లున్నాయి.

ఎండాకాలంలో సమస్య పెరిగేది ఎందుకంటే మనిషి తాగే నీళ్లు పెరుగుతాయి. లీటరుకు మూడు మిల్లీగ్రాములున్న నీళ్లు రెండు లీటర్లు తాగితే ఆరు, ఐదు లీటర్లు తాగితే పదిహేను మిల్లీగ్రాములు ఒంట్లోకి. అంబలి, అన్నం, పప్పు, చాయ్ వండే నీళ్లు దీనికి అదనం. మరిగిస్తే పోతుందనుకుంటారు. ఫ్లోరైడ్ ఆవిరి కాదు, నీళ్లే ఆవిరవుతాయి. రెండు లీటర్లు మరిగి లీటరున్నర అయితే ఫ్లోరైడ్ అంతా ఆ లీటరున్నరలోనే ఉంటుంది. బట్టతో వడకట్టినా, కుండలో తేర్చినా, క్యాండిల్ ఫిల్టర్‌లో పోసినా పోదు.

కాబట్టి అంబలికి, వంటకు, తాగడానికి మిషన్ భగీరథ నల్లా నీళ్లు లేదా ఆర్వో నీళ్లు. బోరు నీళ్లు స్నానానికి, బట్టలకు, గిన్నెలకు. చాలా ఇళ్లలో జరిగే పొరపాటు ఏంటంటే తాగడానికి క్యాన్ తెస్తారు, వంటకు బోరే వాడతారు. జొన్న, బియ్యం, పప్పు ఉడికేటప్పుడు ఆ నీళ్లన్నీ పీల్చుకుంటాయి. తాగినట్టే.

చెలక_మడి
అన్నా, నల్గొండ టెక్నిక్ అని ఉంటదంట గద, పటిక ఏసి కడిగేది. అది ఇంట్ల చేసుకోరాదా?

మునుగోడు_బోరు
నాగపూర్‌లోని నీరి (జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన) సంస్థ 1970లలో తయారు చేసిన పద్ధతి అది. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ వేసి, కలిపి, కనీసం గంట తేర్చి, పై నీళ్లు తీసుకోవాలి. ఫ్లోరైడ్ అడుగున మడ్డితో పాటు దిగుతుంది. పని చేస్తుంది. కానీ పటిక ఎంత వేయాలన్నది ఆ నీళ్లలో ఫ్లోరైడ్ ఎంత, క్షారత ఎంత అన్న రెండిటి మీద ఆధారపడుతుంది. పరీక్ష చేయించకుండా గడ్డ తిప్పి తీస్తే ఫ్లోరైడ్ ఉన్నది ఉన్నట్టే ఉంటుంది. చేతికొచ్చినంత పటిక వేస్తే నీళ్లు పుల్లబడి అల్యూమినియం మిగులుతుంది. ఆ మడ్డిని కూరగాయల మడిలో పోయకూడదు. ఇంటికి ఇది తలనొప్పి. ముందు మీ బోరు నీళ్లు గ్రామీణ నీటి సరఫరా వాళ్ల ల్యాబ్‌లో చూపించండి. శుభ్రమైన ప్లాస్టిక్ సీసాను అదే నీళ్లతో రెండు మూడుసార్లు కడిగి నింపాలి. గాజు సీసా వద్దు, ఫ్లోరైడ్ గాజుతో కలుస్తుంది.

నకిరేకల్_నిమ్మ
ఫ్లోరైడుకు చింతపండు విరుగుడు అంటరు, పచ్చిపులుసు తాగితె పోతదని. నిజమేనా?

పోషకాల_పట్టిక
విరుగుడు అనే మాట పెద్దది. హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థవాళ్లు బడి పిల్లలకు రోజూ 10 గ్రాముల చింతపండు ఇచ్చి చూశారు, మూత్రంలో ఫ్లోరైడ్ బయటికి పోవడం పెరిగింది. చిన్న పరిశోధన, చేసింది కొద్దిమందితోనే. కాబట్టి పచ్చిపులుసు మానాల్సిన పని లేదు, చింతచిగురు పప్పు చక్కగా తినొచ్చు. కానీ ఆ నమ్మకంతో బోరు నీళ్లు తాగుతానంటే లెక్క తప్పుతుంది.

కాల్షియం సంగతి ఇంతకంటే గట్టిది. ఫ్లోరైడ్ ఖాళీ కడుపున దాదాపు మొత్తం రక్తంలోకి పోతుంది. అదే సమయంలో పేగులో కాల్షియం ఉంటే రెండూ కలిసి తొందరగా కరగని పదార్థం అవుతుంది, కొంత మలంతో పోతుంది. అందుకే తైదలు, నువ్వులు, సల్ల, మునగాకు, తోటకూర ఈ జిల్లాలో రుచి కోసం మాత్రమే కాదు. పొద్దున లేవగానే ఖాళీ కడుపున చెంబెడు బోరు నీళ్లు తాగే అలవాటు మాత్రం ఇక్కడ మంచిది కాదు. డికాక్షన్ చాయ్ పదేపదే తాగడం కూడా తగ్గించాలి, తేయాకులోనే ఫ్లోరైడ్ ఉంటుంది.

పల్లె_దవాఖాన
ఎనిమిదేళ్ల లోపు పిల్లలకు నీళ్లు మార్చడమే మందు. శాశ్వత పళ్లు చిగురు లోపల తయారయ్యే వయసు అది, అప్పుడు పడ్డ మచ్చ తర్వాత తోమితే పోదు. వంగిన ఎముకను ఏ ఆహారమూ సరి చేయదు. పళ్ల పేస్టు పిల్లలకు పెసరగింజంత, తోమి ఉమ్మించాలి, మింగనివ్వొద్దు.

తైదంబలి
పిల్లల మాటొచ్చింది గాబట్టి మొలక తైదల పిండి చెప్త. తైదలు కడిగి, రాళ్లు తీసి, 12 గంటలు నానబెట్టి, నీళ్లు ఒంపి పలుచటి గుడ్డల కట్టు. ఒకటి, ఒకటిన్నర రోజుల తెల్లటి మొలక కనబడ్తది. ఎండాకాలంల పొద్దు, మాపు రెండుసార్లు మూటను మంచినీళ్లతోని తడిపి ఒంపాలె, లేకుంటె జిగట పట్టి వాసనొస్తది. జిగట పడితె పారబొయ్యాలె, ఎండబెడితె పోతది అనుకోవద్దు. నీడకు పూర్తిగ ఎండినంక సన్నమంట మీద కమ్మటి వాసనొచ్చేదాక వేయించి, చేత్తోని నలిపి మొలక తోకలు చెరిగి, గిర్నికి పంపు. ఈ పిండితోని చేసిన జావ పలుచగ ఉంటది, మొలకల పుట్టిన పదార్థం పిండిని విరగ్గొడ్తది గందుకు. అదే పలుచదనంల పిండి ఎక్కువ పట్టిచ్చొచ్చు, చిన్నపిల్లలకు, పండ్లు లేని ముసలోళ్లకు మంచిది.

ఒక్క సంగతి యాదుంచుకోవాలె. వేయించిన పిండి దానంతట అది పులవది, పులిసే గుణం వేడికి పోతది. అంబలి చేయాలంటె చెంచ సల్ల తోడు పెట్టాలె. మొలకపిండి పులుస్తలేదు, పిండి కల్తీ అని గిర్నివాళ్ల మీద పడేటోళ్లు ఉన్నరు.

నకిరేకల్_నిమ్మ
నిమ్మ, బత్తాయి మన జిల్ల పంట గాబట్టి ఓ మాట.  నిమ్మరసం నీళ్లల్ల పిండి భోజనంతోని తాగితె ఆకుకూర, తైదలల్ల ఉన్న ఐరన్ ఒంటికి పడ్తది. తిన్న వెంటనె చాయ్ తాగితె అదే ఐరన్ పట్టనియ్యదు, గంట ఆగాలె. కిడ్నీల రాళ్లు వచ్చేటోళ్లకు (పైన చెప్పిన కిడ్నీ జబ్బు లేకుంటె) గుడ నిమ్మ, బత్తాయి మంచియి, వాటిల సిట్రేటు రాయి కట్టనియ్యది. వాళ్లు గంగవాయిలి కూర, పాలకూర తగ్గించాలె, ఆక్సలేటు ఎక్కువ. సల్ల, తైదలు మానొద్దు. కాల్షియం మానితె రాళ్లు తగ్గుతయి అనుకునుడు ఉల్టా.

షుగర్_డైరీ
కల్లు గురించి ఎవరూ ఏమనలేదు, ఆశ్చర్యమే. ఒంటికి చలువ అంటారు కదా.

పల్లె_దవాఖాన
తాటి ముంజలు చలువ, లేతవి తినండి. ముదిరినవి కడుపునొప్పి తెస్తాయి. కల్లు పులిసే కొద్దీ సారా శాతం పెరుగుతుంది, మూత్రం ఎక్కువ పోయి ఒంట్లో నీళ్లు తగ్గుతాయి. డయాజిపామ్, అల్ప్రాజోలమ్ కలిపిన కల్తీ కల్లు సంగతి వేరే చెప్పక్కర్లేదు. ఎండలో పనికి ముందు, మధ్యలో కల్లు వద్దు.

నీళ్ల లెక్క కూడా చెప్పేస్తా. ఎండలో బరువు పని అయితే 15, 20 నిమిషాలకు ఒక గ్లాసు, దాహం వేసేదాకా ఆగకుండా. గంటకు లీటరున్నర దాటొద్దు, ఉత్త నీళ్లు అతిగా తాగితే రక్తంలో ఉప్పు పలుచబడుతుంది. మూత్రం లేత పసుపు ఉంటే సరిపోయినట్టు, ముదురు పసుపు రంగుకు వస్తే వెనకబడ్డట్టు. పిక్కలు పడితే పని ఆపి, నీడకు పోయి, ఉప్పు కలిపిన సల్లో ఓఆర్ఎసో తాగాలి.

మనిషి పొంతన లేకుండా మాట్లాడినా, తూలినా, ఒళ్లు కాలుతున్నా అది వడదెబ్బ. 108కి ఫోన్ చేసి, వాళ్లు వచ్చేదాకా ఆగకుండా బట్టలు వదులు చేసి, ఒంటి నిండా నీళ్లు పోస్తూ విసరాలి. మంచు దొరికితే మెడ, చంకలు, గజ్జల్లో పెట్టాలి. చెమట పడుతోంది కదా వడదెబ్బ కాదులే అనుకోవద్దు, పని చేసేవాళ్లకు చెమట పడుతూనే వస్తుంది. జ్వరం గోళీ పని చేయదు. స్పృహ సరిగా లేనివాళ్ల నోట్లో అంబలి, నీళ్లు, ఏదీ పోయొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

చెలక_మడి
మస్తు వివరంగ చెప్పిండ్రు అందరు. ఆఖరుకొక్కటి. పనికాడికి దేంట్ల పట్టుకపోవాలె? సిల్వర్ (అల్యూమినియం) టిఫిన్‌ల పొయ్యొచ్చునా?

తైదంబలి
సిల్వర్‌ల వద్దు తమ్మి. పులుపు తగిలితె సిల్వర్ కరుగుతది, కొన్ని రోజులకు లోపల నల్లగ, గుంతలు గుంతలు అయితది చూడు. కళాయి లేని ఇత్తడి, రాగి గుడ అంతే. ఉత్త స్టీలు డబ్బ తీసుకో, ముప్పావే నింపు. పులుస్తె గాలి పుడ్తది, నిండ పోసి బిగిస్తె మూత తీయంగనె మొఖం మీద పడ్తది. డబ్బకు తడి గోనె బట్ట చుట్టి, గాలి తగిలే నీడల పెట్టు. బట్ట ఆరినప్పుడల్ల తడుపు.

కుండ కావాలంటె కొత్త కుండను ఒక రోజంత నీళ్లల్ల నానబెట్టి, ఒకసారి గంజి కాచి పారబోసి వాడాలె. సబ్బు పెట్టి తోమొద్దు, సబ్బు కుండ పీల్చుకొని అంబలిల దిగుతది. కొబ్బరి పీచుతోని రుద్ది, మసిలే నీళ్లు పోసి తిప్పి, బోర్లించి ఎండకు పెట్టు. లోపల ఎంత కడిగినా పోని మచ్చ ఉంటె ఆ కుండ మొక్కకు పనికొస్తది.

చెలక_మడి
అయితె రేపటికి పిండి 200, నీళ్లు భగీరథవి, నానబెట్టుడు పదింటికి. షుగరోళ్లకు సగం పిండి, బీపీ ఉన్నోళ్లది ఉప్పు ఏయక ముందే వేరు తీసుడు. సల్ల సీస వేరే. కరెక్టేనా అక్కా?

తైదంబలి
కరెక్టే. రొట్టెలు మర్సిపోయినవు.